వాచీ పట్టుకోమంటే పట్టుకుంటాను, చెక్కు మాత్రం అడగొద్దు

పోయిన ఆగస్టులో మా బ్యాంకు ఖాతాలోంచి 300 డాలర్లు వెళ్లిపోయాయి. మే నెలలో పిల్లలిద్దరినీ మా కమ్యూనిటీ పూల్ స్విమ్ టీమ్‌లో చేర్పించేటప్పుడు రాసిచ్చిన చెక్కు అది. వేసవి అయ్యేలోగా ఇంటికి ఎనిమిది వాలంటీర్ షిఫ్టులు పూర్తి చేస్తే చెక్కు చింపేస్తామనీ, చేయకపోతే బ్యాంకులో వేసేస్తామనీ ముందే చెప్పారు. మేం ఏడు చేశాం. ఎనిమిదోది ఒక సోమవారం సాయంత్రం. మీట్, అంటే జట్ల మధ్య పోటీ, సగంలో ఉండగా ఉరుములొచ్చాయి. ఉరుము వినబడితే పిల్లలందరినీ నీళ్లలోంచి లేపేసి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. అలా రెండుసార్లు ఆగి, మిగతా మీట్‌ను మర్నాటికి వాయిదా వేశారు. మర్నాడు నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది, మా ఆయన ఊళ్లో లేరు. సగం షిఫ్టు లెక్కలోకి రాదన్నారు.

ఆ 300 డాలర్లతో మా ఇల్లేమీ తలకిందులు కాలేదు. కానీ అదే వారం మా టీమ్‌లోని ఇంకో తెలుగు అమ్మ నాకు ఫోన్ చేసింది. ఒంగోలు వైపు అమ్మాయి, హాస్పిటల్లో రాత్రి డ్యూటీ నర్సు. శుక్రవారం రాత్రి ఏడింటికి వెళ్తే శనివారం పొద్దున ఏడున్నరకు దిగుతుంది. మా శనివారం మీట్లకు వాలంటీర్లు రావాల్సింది సరిగ్గా ఆ వేళకే. వాళ్లాయనకు శని, ఆదివారాలే షాపులో పని ఎక్కువ. "అక్కా, వచ్చే ఏడు పాపని చేర్పించను. దానికి ఈతంటే ప్రాణమే. నాకే ఆ సైనప్ లిస్టు చూస్తే టెన్షన్. డ్యూటీ దిగి వచ్చి మూడు గంటలు ఎండలో నిలబడ్డాను రెండు వారాలు. మూడో వారం కారు నడుపుతుంటే కళ్లు మూతలు పడ్డాయి. ఇంక నా వల్ల కాదు" అంది.

ఆ పాప బ్యాక్‌స్ట్రోక్, అంటే వెల్లకిలా ఈత, చూడముచ్చటగా వేస్తుంది. తొమ్మిదేళ్ల పిల్ల. ఈ వ్యాసం ఆ పిల్ల కోసమే రాస్తున్నాను.

ఇక్కడి సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మేముండేది ఉత్తర వర్జీనియాలో, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో. మే చివర మెమోరియల్ డే వారాంతంలో పూల్స్ తెరుస్తారు, సెప్టెంబరు మొదట్లో లేబర్ డేకి మూసేస్తారు. ఈ మధ్యలో పేట పేటకీ ఒక ఈత జట్టు. ఇక్కడి పెద్ద లీగు నార్తర్న్ వర్జీనియా స్విమ్మింగ్ లీగ్, 1956 నుంచి నడుస్తోంది. వందకు పైగా జట్లున్నాయి. ఆరేసి జట్లకు ఒక డివిజన్, ప్రతి జట్టూ మిగతా ఐదింటితో ఐదు శనివారాలు తలపడుతుంది. సోమవారం సాయంత్రాలు చిన్న మీట్లు, వాటిలో కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు కూడా అవకాశముంటుంది. నది దాటితే మేరీల్యాండ్‌లోనూ ఇలాంటి లీగే ఉంది. ఒలింపిక్స్‌లో తొమ్మిది బంగారు పతకాలు గెలిచిన కేటీ లెడెకీ ఆరేళ్ల వయసులో అన్నయ్యతో కలిసి మొదట దిగింది అక్కడి పేట పూల్‌లోనే. ఇలాంటి లీగుల్లో కోచ్‌లకు తప్ప దాదాపు ఎవరికీ జీతం ఉండదు. మిగతా పనంతా తల్లిదండ్రులదే.

ఆ పని ఎంతో, లోపలికి వెళ్లేదాకా నాకూ తెలియలేదు. ఒక శనివారం మీట్‌లో 40 విడి పోటీలు, 12 రిలేలు. ఆరు లేన్లు. మా దగ్గర ఒక్కో లేన్‌కి ముగ్గురు టైమర్లు, అంటే వాచీలు పట్టుకోవడానికే పద్దెనిమిది మంది. పోటీ మొదలుపెట్టించే స్టార్టరు, రిఫరీ, ఈత నియమం ప్రకారం వేస్తున్నారో లేదో చూసే స్ట్రోక్ జడ్జిలు వేరే. పిల్లల చేతుల మీద మార్కర్‌తో పోటీ నంబరు, లేన్ నంబరు రాసి వరసగా బెంచీల మీద కూర్చోబెట్టే వాళ్లుండాలి. టైములు కంప్యూటర్లో ఎక్కించి పాయింట్లు లెక్కేసే వాళ్లు, రిబ్బన్ల వెనక పేర్లు అంటించే వాళ్లు, తినుబండారాల టేబుల్ చూసుకునే వాళ్లు, ముందు రోజు సాయంత్రం గుడారాలు వేసే వాళ్లు కావాలి. రెండు జట్లవీ కలిపితే నలభై మంది దాటిపోతారు. వీళ్లలో పది మంది రాకపోతే మీట్ నడవదు. మా టీమ్ బాధ్యత చూసే ఆవిడ రాత్రి ఒంటిగంటకు మెయిల్స్ పంపిస్తుంది, పొద్దున ఆరుకు పూల్ దగ్గర ఉంటుంది. ఆమెకూ ఉద్యోగముంది, ముగ్గురు పిల్లలున్నారు. ఆమె మీద నాకు గౌరవం తప్ప ఇంకేం లేదు.

రెండేళ్ల క్రితం మా నాన్న సూర్యాపేట నుంచి వచ్చి జూన్, జూలై మా దగ్గరే ఉన్నాడు. ఒక శనివారం ఆయన్ను మీట్‌కి తీసుకెళ్లాను. మడత కుర్చీలో కూర్చుని రెండు గంటలు కదలకుండా చూశాడు. మధ్యలో నేను నీళ్లు ఇవ్వడానికి వెళ్తే, "గింతమంది గడియారాలు పట్టుకొని నిలబడ్డరు, వీళ్లకు జీతమెంతిస్తరు బిడ్డా?" అన్నాడు. ఎవరికీ ఇవ్వరు నాన్నా, అందరూ పిల్లల అమ్మానాన్నలే అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే బదులు పనన్న మాట. మనకాడ నాట్లకు గిట్లనే పోతుండె" అన్నాడు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఎందుకంటే పార్కింగ్ లాట్లో మన తెలుగు నాన్నలు దీన్ని ఇంకో పేరుతో పిలుస్తుంటారు, వెట్టిచాకిరీ అని. ఆ మాట నేను ఒప్పుకోను. మా తాత చిన్నప్పుడు దొర గడీకి వెట్టికి వెళ్లిన మనిషి. పిలిస్తే వెళ్లాలి, ఇంట్లో చావున్నా వెళ్లాలి, ఎందుకని అడగకూడదు. ఆ బాధలోంచే సూర్యాపేట, నల్లగొండ పల్లెలు 1940లలో తిరగబడ్డాయి. మన పిల్లలు ఈదుతుంటే మూడు గంటలు వాచీ పట్టుకోవడానికి ఆ పేరు పెట్టడం మా తాత లాంటి వాళ్లందరినీ చిన్నబుచ్చడమే.

బదులు పని అన్న పేరు చాలావరకు సరిపోతుంది. కానీ పూర్తిగా సరిపోదు. బదులు పనిలో ఇవాళ మీ పొలంలో నేను నాటు వేస్తే రేపు నా పొలంలో మీరు వేస్తారు. ఆ పని అందరికీ చిన్నప్పటి నుంచీ వచ్చు, ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. ఇంట్లో జ్వరమొస్తే ఈసారి మానేసి, కోతలప్పుడు ఇంకో పూట ఎక్కువ చేస్తారు. ఆ లెక్క మనుషుల మధ్య ఉంటుంది, అందుకే దానికి సాగే గుణముంది. మా పూల్ పద్ధతిలో ఈ రెండూ లేవు. పని ఎవరూ నేర్పరు, లెక్క సాగదు.

నేర్పకపోవడం గురించి ముందు చెబుతాను. నాకు ఈత రాదు. మా ఊళ్లో మగపిల్లలు సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని బావిలో దూకి నేర్చుకునేవాళ్లు. మమ్మల్ని బావి గట్టు దాకా కూడా వెళ్లనిచ్చేవాళ్లు కాదు. అలాంటి నేను మొదటి ఏడు టైమర్‌గా పేరిచ్చాను. పొద్దున్నే హెడ్ టైమర్ అందర్నీ గుండ్రంగా నిలబెట్టి మూడు నిమిషాల్లో గబగబా చెప్పేశాడు. చుట్టూ ఉన్న వాళ్లంతా చిన్నప్పుడు ఇవే పూల్స్‌లో ఈదిన వాళ్లు, తలలూపారు. నేనూ ఊపాను. శబ్దం విని కాకుండా స్టార్టరు దగ్గర మెరిసే లైటు చూసి వాచీ నొక్కాలని నాకు నాలుగో పోటీలో అర్థమైంది, అదీ పక్కామెని చూసి. పిల్ల గోడని తాకిన క్షణం ఒంగి చూడాలి, నీళ్లు మొహం మీద కొడతాయి, కళ్లు మూసుకోకూడదు. నా వేలు ఆలస్యమైతే ఏ పిల్ల బహుమతి పోతుందోనని ఆ మూడు గంటలూ కడుపులో చేయి పెట్టి తిప్పినట్టుంది.

రెండో ఏడు తెలిసింది, ముగ్గురు టైమర్ల వాచీల్లో ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా మధ్యలో ఉన్నదే లెక్కలోకి తీసుకుంటారని. ముగ్గురిలో ఒకరి వేలు తడబడినా పిల్లకి నష్టం లేకుండా ఎవరో ఎప్పుడో ఆలోచించి పెట్టిన పద్ధతి. ఆ ఒక్క మాట నాకు మొదటి రోజే చెప్పి ఉంటే నేను భయపడేదాన్ని కాదు. మొదటిసారి వచ్చి భయపడి, మళ్లీ పేరివ్వని తల్లులు నాకు నలుగురు తెలుసు. బయటి నుంచి చూసేవాళ్లకి వాళ్లు పని తప్పించుకునే వాళ్లలా కనిపిస్తారు.

ఇక చెక్కు. అది లేకపోతే ఎవరూ రారని టీమ్ వాళ్లంటారు. ఏటా అదే పది కుటుంబాలు మొత్తం మోస్తాయని, మిగతావాళ్లు పిల్లల్ని దింపి కాఫీకి వెళ్లిపోతారని. ఆ బాధ నిజమే. కానీ ఆ మందు పనిచేస్తుందా అన్నది వేరే సంగతి. యూరి గ్నీజీ, ఆల్డో రుస్తికీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది డేకేర్లను పరిశీలించి 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు ఆరు డేకేర్లలో జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గుతాయనుకున్నారు, దాదాపు రెట్టింపయ్యాయి. జరిమానా ఎత్తేశాక కూడా మళ్లీ తగ్గలేదు. అప్పటిదాకా టీచర్‌ని కూర్చోబెట్టామే అని సిగ్గుపడిన వాళ్లు, డబ్బు కడుతున్నాం కదా అని నిమ్మళంగా రావడం మొదలుపెట్టారు.

మా పూల్‌లోనూ సరిగ్గా అదే చూశాను. పెద్ద ఇళ్లలో ఉండే రెండు మూడు కుటుంబాలు సీజన్ మొదట్లోనే చెక్కు వేసేసుకోండి అని చెప్పేస్తాయి. 300 డాలర్లకు వాళ్ల వేసవి వాళ్లు కొనుక్కుంటారు, అందులో వాళ్లకు తప్పేమీ కనిపించదు. చెక్కుకి నిజంగా భయపడేది మా నర్సమ్మాయి లాంటి వాళ్లు. ఆమెకు 300 అంటే డ్యూటీలో కొన్ని గంటల కష్టం. అంటే రాగలిగిన వాళ్లని చెక్కు రప్పించడం లేదు, రాలేని వాళ్లని మాత్రం పంపించేస్తోంది.

ఇంకో తల్లి అడిగిన ప్రశ్న కూడా ఇక్కడ చెప్పాలి. హైదరాబాద్‌లో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి వచ్చిన అమ్మాయి, ఇక్కడ హెచ్-4 వీసా మీద, అంటే భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఉంది. 2015 నుంచి కొంతమంది హెచ్-4 వాళ్లకు వర్క్ పర్మిట్ ఇస్తున్నారు గానీ, భర్త గ్రీన్ కార్డు వ్యవహారం ఒక దశకు చేరితేనే. ఈమెకు ఇంకా రాలేదు. "అక్కా, ఎనిమిది షిఫ్టులకి 300 అంటే షిఫ్టుకి ఇంతని లెక్క వచ్చేసినట్టే కదా. నేను చేస్తే వీసాకి ఏమైనా అవుతుందా?" అని అడిగింది. లాభం కోసం కాని సంస్థలో, ఎవరూ జీతమివ్వని పని ఊరికే చేస్తే అది ఉద్యోగం కిందికి రాదని చెప్పాను. ఆమె ఒప్పుకుంది. కానీ ఆ భయం ఆమె మొహంలోంచి పోలేదు. ఒక డాలరు కూడా సంపాదించే వీలు లేని మనిషిని, పని చేయకపోతే డబ్బు కట్టమని అడుగుతున్నాం. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది, ఎన్నిసార్లు ఆలోచించినా అలాగే తోస్తుంది.

ఈ రూల్సు ఎలాంటి ఇంటిని చూసి రాశారో ఒకసారి ఆలోచించాలి. 1950, 60లలో ఈ శివారు పేటలు కట్టినప్పుడు ఇరుగుపొరుగులు తలా కొంత వేసుకుని పూల్స్ తవ్వించుకున్నారు. నాన్న ఉద్యోగానికి వెళ్తాడు, అమ్మ ఇంట్లో ఉంటుంది, శనివారం అందరికీ సెలవు. ఆ ఇంటికి కుట్టిన చొక్కా ఇది. ఆ రోజుల్లో గేటు లోపలికి ఎవరు రావచ్చో కూడా జీతం లేని కమిటీలే తేల్చేవి. మా కౌంటీలోనే లిటిల్ హంటింగ్ పార్క్ అనే సంఘం ఉండేది, ఇప్పటికీ ఉంది. పాల్ సలివన్ అనే తెల్లాయన తన ఇంటిని ఫ్రీమన్ అనే నల్లజాతి మనిషికి అద్దెకిచ్చి, ఇంటితో పాటు వచ్చే సభ్యత్వం కూడా రాసిచ్చాడు. బోర్డు ఒప్పుకోలేదు. అడిగినందుకు సలివన్‌నే సంఘంలోంచి తీసేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1969లో బోర్డు చేసింది తప్పని తీర్పు వచ్చింది. మేరీల్యాండ్‌లో వీటన్-హేవెన్ అనే పూల్ మీద 1973లో ఇలాంటి తీర్పే వచ్చింది.

మా టీమ్ వాళ్లని వాళ్లతో పోల్చడానికి ఇది చెప్పడం లేదు. మమ్మల్ని ఎవరూ గేటు దగ్గర ఆపలేదు, నవ్వుతూ పిలిచారు. నేను చెప్పేది ఒకటే. ఊరికే చేసే పని కాబట్టి అందులో చేసే ప్రతి రూలూ మంచిదే అనుకోవడానికి లేదు. రూలు రాసేటప్పుడు ఆ గదిలో ఎవరు లేరో వాళ్ల మీదే దాని బరువు పడుతుంది. మా బోర్డు మీటింగులో రాత్రి డ్యూటీ చేసేవాళ్లు ఎవరూ లేరు.

మనవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకున్నా సరే. మనకి ఊరికే పని చేయడం కొత్తేమీ కాదు. గుళ్లో అన్నదానానికి తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూరలు తరుగుతాం. బతుకమ్మకి వారం ముందు నుంచే పూలు వెతుకుతాం. 2007లో మొదలైన మనబడిలో వారం వారం తెలుగు చెప్పేది ఉద్యోగాలు చేసుకునే అమ్మానాన్నలే. మనది అనుకున్న చోట మనకి అలుపుండదు. పూల్ దగ్గర మాత్రం టెంటు కింద ఒక మూలకి చేరి మనలో మనం మాట్లాడుకుని, మన పిల్లల పోటీ అవగానే కారెక్కుతాం. మన పిల్లలు దాన్ని తమదే అనుకుంటున్నారు. వీపు మీద టీమ్ పేరు రాయించుకుని తిరుగుతున్నారు. వాళ్ల ఊరు ఇదే. ఆ సంగతి మనం ఆలస్యంగా తెలుసుకుంటున్నాం.

నేను మూడో ఏడు స్ట్రోక్ జడ్జి ట్రైనింగ్ తీసుకున్నాను. ఒక సాయంత్రం క్లాసు, తర్వాత అనుభవమున్న జడ్జి పక్కన నిలబడి కొన్ని సెషన్లు. నాకు ఈత రాదని ఆ పెద్దాయనకు ముందే చెప్పాను. ఈత కాళ్లకి రావాలి, చూపు కళ్లకి వస్తే చాలు అన్నాడు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో గోడని రెండు చేతులతో ఒకేసారి తాకాలి. బటర్‌ఫ్లైలో కాళ్లు రెండూ కలిసి కదలాలి. బ్యాక్‌స్ట్రోక్‌లో గోడ దగ్గర మలుపులో తప్ప బోర్లా తిరగకూడదు. ఇవి చూడటం నేర్చుకున్నాక ఈ ఆట నాకు మొదటిసారి కనబడింది. అంతకుముందు నీళ్లు చిమ్మడమే కనబడేది. తెల్ల టీషర్టు వేసుకుని గట్టు మీద నడుస్తూ, ఒక చేత్తో ముందు తాకిన ఎనిమిదేళ్ల మా టీమ్ పిల్లవాణ్ణి చూసి, తప్పు జరిగిందని చేయెత్తాల్సి వచ్చింది. చేయి బరువెక్కింది. ఎత్తాను. మరుసటి వారం వాడు రెండు చేతులూ గోడకి ఆనించి, తల పైకెత్తి నా వైపే చూశాడు. ఆ చూపుకి బదులుగా నేను ఎన్ని శనివారాలైనా ఇస్తాను. నన్ను అక్కడికి చేర్చింది చెక్కు కాదు, ఒక మనిషి పక్కన నిలబెట్టుకుని నేర్పడం.

మార్చిలో జరిగిన మీటింగుకి వెళ్లి ఇవన్నీ చెప్పాను. కొత్త కుటుంబాలను మొదటి ఏడు ఒంటరిగా నిలబెట్టొద్దని, పాతవాళ్ల పక్కన జతగా పెట్టమని అడిగాను. సీజన్ మొదలయ్యే ముందు ఒక సాయంత్రం వాచీలు పట్టించి ప్రాక్టీసు చేయిస్తే చాలన్నాను. శనివారం పొద్దున రాలేని వాళ్లకి ఇంట్లో కూర్చుని చేసే పనులివ్వొచ్చు. లేబుల్స్ అంటించడం ఉంది, ఫలితాలు సరిచూడటం ఉంది, కోచ్‌లకి భోజనం పంపడం ఉంది. వాటినీ పూర్తి షిఫ్టుగా లెక్కపెట్టమన్నాను. ఎవరైనా ఈ ఏడు మా వల్ల కాదంటే కారణం అడగకుండా సరే అనమన్నాను. చెక్కు తీసేయమన్నాను.

గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన, అందరికీ వదిలేస్తే చివరికి నేనే గుడారాలు మోయాలి అన్నాడు. ఆయన పదేళ్లుగా మోస్తున్నాడు, ఆయన మాటని తీసిపారేయలేను. చివరికి జతగా పెట్టడానికీ, ఇంటి పనులు లెక్కపెట్టడానికీ ఒప్పుకున్నారు. ప్రాక్టీసు సాయంత్రం నువ్వే పెట్టు అన్నారు, పెడతానన్నాను. చెక్కు మాత్రం ఈ ఏడాదికి ఉంచారు. వచ్చే మార్చిలో మళ్లీ అడుగుతాను.

మే నెల చివరి మంగళవారం సాయంత్రం ఆరింటికి పూల్ దగ్గర ఉంటాను, పన్నెండు వాచీలతో. మన తెలుగు వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. ఈత రాని వాళ్లు, ఇంగ్లీషు గబగబా మాట్లాడితే అర్థం కాని వాళ్లు, మొదటిసారి వచ్చేవాళ్లు ముందు రండి. తెలుగులోనే చెబుతాను.

నర్సమ్మాయికి నిన్న ఫోన్ చేశాను. రిబ్బన్ల లేబుల్స్ గురువారాలు మా ఇంట్లో అంటిద్దాం, శనివారం నువ్వు రానక్కర్లేదు, పాపని నేను తీసుకెళ్తాను అన్నాను. వెంటనే సరే అనలేదు. పాపకి పోయిన ఏడాది స్విమ్ సూట్ చిన్నదైపోయిందని చెప్పింది. డ్యూటీ షెడ్యూలు పదిహేనో తారీఖున వస్తుందట, చూసి చెబుతానంది.